బస్‌బార్‌కి పది మైక్రాన్ల టిన్: ఒక బాలానగర్ ప్లేటింగ్ షాపు పని ఎలా ఉంది?

కరెంటు మోసే రాగి పట్టీలకి, అంటే బస్‌బార్లకి, టిన్ (తగరం) పూత వేయించాలంటే ఈ షాపుకి నిశ్చింతగా ఇవ్వొచ్చు. ఇత్తడి టెర్మినళ్లయితే ఒక షరతు చలానా మీద రాయించి మరీ ఇవ్వాలి. స్ప్రింగ్ స్టీల్ ముక్కలు అసలు ఇవ్వకూడదు. మూడు రకాల సరుకు ఇచ్చి, తిరిగొచ్చాక కొలిచి, గీసి, వంచి, వేడి చేసి చూస్తే తేలింది ఇదీ. షాపు హైదరాబాదు బాలానగర్ పారిశ్రామికవాడ లోపలి వీధుల్లో ఉంది. ఇలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి కాబట్టి పేరు పక్కన పెడదాం. ఏ షాపుకి వెళ్లినా చూడాల్సినవి ఇవే.

ఇచ్చిన సరుకు చూడండి. మొదటిది 50 × 6 మి.మీ. రాగి పట్టీలు, 300 మి.మీ. పొడవు, రెండు చివరలా బోల్టు బెజ్జాలు, ప్యానెల్ బోర్డుల్లోకి పోయేవి. రెండోది లేత్ మీద తిప్పిన ఇత్తడి టెర్మినళ్లు, ఐఎస్ 319 ప్రమాణపు ఫ్రీ కటింగ్ (సులభంగా తెగే) రాడ్‌తో చేసినవి. మూడోది ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) వాషర్లు. రాగికి పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మిగతా రెంటికీ ఎనిమిది అడిగాం. ఆర్డరు రాసుకునేటప్పుడు మందం అడిగారు, మెరుపు కావాలా అని అడిగారు, అడుగు లోహం ఏమిటని మాత్రం అడగలేదు. "టిన్నే కద సార్, ఏ మెటలైతే ఏంది, రేటొకటే" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. రేటు ఒకటే అయితే కావొచ్చు, పని ఒకటి కాదు. ఇత్తడి లాట్ దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

తగరం పూత అనగానే మనవాళ్లకి కళాయి గుర్తొస్తుంది. ఇత్తడి గిన్నెని కొలిమి మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో రుద్దితే తళతళలాడేది. ప్లేటింగ్‌లో తగరాన్ని కరిగించేది నిప్పు కాదు, కరెంటు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో స్టానస్ సల్ఫేట్ కలిపిన ద్రావణం ఉంటుంది. సంచుల్లో వేలాడే శుద్ధ తగరం కడ్డీలు యానోడ్లు (ప్లస్ కొస), మన వస్తువు క్యాథోడ్ (మైనస్ కొస). యానోడ్ దగ్గర కరిగిన తగరం వస్తువు మీద చేరుతుంది. కళాయిలో మందం పనివాడి చేతిలో ఉంటుంది, ఇక్కడ ఆంపియర్లలోనూ నిమిషాల్లోనూ ఉంటుంది. అందుకే దీన్ని లెక్కకట్టి అడగొచ్చు, లెక్కకట్టి పట్టుకోనూవచ్చు.

లెక్క కష్టమేమీ కాదు. ఈ ఆమ్ల బాత్‌లో, అంటే ద్రావణపు తొట్టిలో, ఒక ఆంపియర్ గంటసేపు పారితే 2.2 గ్రాముల తగరం చేరుతుంది. చదరపు డెసిమీటరుకి, అంటే పది సెం.మీ. పొడవు, పది సెం.మీ. వెడల్పున్న చోటికి, ఒక ఆంపియర్ చొప్పున ఇస్తే నిమిషానికి అర మైక్రాన్ పేరుకుంటుంది. మన పట్టీ ఒక్కోదానికి అన్ని వైపులా కలిపి 3.4 చదరపు డెసిమీటర్లు. ఒక జిగ్గుకి, అంటే ముక్కల్ని వేలాడదీసే చట్రానికి, పన్నెండు పట్టీలు కట్టారు, మొత్తం 41 చదరపు డెసిమీటర్లు. పది మైక్రాన్లకి సుమారు 30 గ్రాముల తగరం, 810 ఆంపియర్-నిమిషాల కరెంటు కావాలి. మీటరు 60 ఆంపియర్లు చూపిస్తే పదమూడున్నర నిమిషాలు, 40 చూపిస్తే ఇరవై. నష్టాలకి ఐదు శాతం కలుపుకోవాలి. షాపులో నిలబడినప్పుడు రెక్టిఫైయర్ (తొట్టికి డీసీ కరెంటు ఇచ్చే పెట్టె) మీటరు చదివి, గడియారం చూసుకుంటే చాలు, మందం దాదాపుగా తెలిసిపోతుంది. ఇక్కడ 60 దగ్గర పెట్టి పద్నాలుగు నిమిషాలు ఉంచారు. వాళ్లు నోటి లెక్కతోనే చేశారు, కానీ సరిగ్గా చేశారు.

అయినా ప్లేటింగ్ షాపుని టిన్ తొట్టి చూసి అంచనా వేయకూడదు. దాని ముందున్న తొట్టెల్ని చూడాలి. ఇక్కడ వరస ఇలా సాగింది. మొదట వేడి సోక్ క్లీనర్, 60 నుంచి 70 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు, డ్రిల్లింగ్ నూనె పోవడానికి. తర్వాత రెండు నీళ్లు. ఆపైన కరెంటుతో క్లీనింగ్ ఒకటి రెండు నిమిషాలు, మళ్లీ నీళ్లు. తర్వాత పిక్లింగ్, అంటే ఆమ్లంలో ముంచడం, రాగి మీది నల్లటి ఆక్సైడ్ పోయి గులాబీ రంగు బయటపడేదాకా. ఆఖరున పది శాతం సల్ఫ్యూరిక్‌లో ఒక ముంచు ముంచి, కడగకుండానే నేరుగా టిన్ తొట్టిలోకి. కడగకపోవడం నిర్లక్ష్యం కాదు. రెండు తొట్టెల్లోనూ అదే ఆమ్లం, మధ్యలో నీళ్లలో ముంచితే శుభ్రమైన రాగి మీద మళ్లీ పొర కడుతుంది.

క్లీనింగ్ సరిగ్గా అయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు. నీళ్లలోంచి తీసిన పట్టీ మీద నీటి పొర ఎక్కడా విరగకుండా అరనిమిషం నిలబడాలి. తామరాకు మీది నీటిలా బొట్లుగా విడిపోయిందంటే అక్కడ నూనె ఉన్నట్టే, అక్కడి పూత రేపో మాపో లేస్తుంది. షాపు సూపర్‌వైజరు ప్రతి జిగ్గునీ ఎత్తి, కిటికీ వెలుగుకి వంచి చూశాడు. రెండు పట్టీల మీద బెజ్జాల అంచుల్లో నీళ్లు చీలితే మొత్తం జిగ్గుని వెనక్కి పంపాడు. ఈ షాపుకి మార్కులు వేయాల్సింది ఇక్కడ.

రాగి లాట్ తిరిగొచ్చాక ఎక్స్‌రేలతో పూత మందం కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గేజ్‌తో చూస్తే పట్టీ నడుమ తొమ్మిదిన్నర, చివర్లలో పదమూడు మైక్రాన్ల దాకా ఉంది. ఇది తప్పు కాదు, ప్లేటింగ్ స్వభావం. కరెంటు మూలలకీ అంచులకీ ఎగబడుతుంది, నడుమకి తక్కువ వస్తుంది. అందుకే 'పది మైక్రాన్లు' అని ఊరికే రాస్తే గొడవ ఖాయం. 'కనీసం ఎనిమిది, కొలిచే చోటు బోల్టు బెజ్జం పక్కన చదును మీద' అని రాయాలి. ఎం.ఎస్. ముక్కల మీద మాగ్నెటిక్ గేజ్ పనిచేస్తుంది కానీ, రాగి మీద పనిచేయదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ లేనివాళ్లకి తూకం ఉంది. పది మైక్రాన్లకి చదరపు డెసిమీటరుకి 0.73 గ్రాములు. ఒక చిన్న రాగి ముక్కని పిక్లింగ్ అయ్యాక ఆరబెట్టి తూచి, అదే జిగ్గుకి కట్టించి, బయటికొచ్చాక మళ్లీ తూచాలి. పిక్లింగ్‌కి ముందు తూచితే లెక్క తప్పుతుంది, ఆమ్లం రాగిని కూడా కొంత తింటుంది మరి.

పట్టీలో ఒక బెజ్జాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే సంగతులు ఇంకా తెలుస్తాయి. పైఅంచు చుట్టూ టిన్ గట్టు కట్టినట్టు మందంగా ఉంది. ఆరు మి.మీ. లోతులో గోడ సగం దిగేసరికి రంగు కాస్త మసకబారింది, అక్కడ పూత పలచన. ఒక పక్క గోరంత మేర అసలు టిన్నే లేదు, రాగి కనబడుతోంది. జిగ్గు కొక్కెం తగిలించిన చోటు అది. ఏ షాపులోనైనా కొక్కెం తగిలిన చోట పూత పడదు. కాబట్టి కొక్కెం ఎక్కడ పెట్టాలో మనమే చెప్పాలి. జాయింటు ముఖం మీద మాత్రం వద్దు. డ్రాయింగ్‌లో 'ఇక్కడ వేలాడదీయండి' అని బాణం గీసిస్తే ఈ షాపువాళ్లు వింటారు. గీయకపోతే చేతికందిన బెజ్జానికి తగిలిస్తారు.

అసలు బస్‌బార్‌కి టిన్ దేనికని ఎవరికైనా సందేహమొస్తే చెప్పాలి. రాగి గాలిలో ఆక్సైడ్ కడుతుంది, జాయింటులో నిరోధం పెరుగుతుంది, వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా ఆక్సైడ్. టిన్ మెత్తన. బోల్టు బిగించినప్పుడు పైనున్న సన్నని ఆక్సైడ్ పొర చిట్లి, లోహం లోహాన్ని తాకుతుంది. అల్యూమినియం పట్టీతో కలిపే చోట కూడా ఒట్టి రాగి కన్నా టిన్ పూత రాగి మేలు, రెండు లోహాల మధ్య కొరుకుడు తగ్గుతుంది. గంధకం ఉన్న గాలిలో వెండి నల్లబడుతుంది, టిన్‌కి ఆ బాధ లేదు. హద్దులూ ఉన్నాయి. టిన్ 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. బోల్టు జాయింట్లకి గాలిలో 105 డిగ్రీలు దాటనివ్వరు. ఎప్పుడూ అదిరే చోట, అంటే జనరేటర్ పక్కనో వాహనంలోనో అయితే, ముఖాలు సూక్ష్మంగా రుద్దుకుని నల్లటి పొడి వస్తుంది, కాంటాక్టు పోతుంది. అలాంటి చోట గ్రీజైనా పూయాలి, వెండి పూతకైనా మారాలి.

మెరుపు సంగతికొద్దాం. షాపులో ఉన్నది బ్రైట్ టిన్ ఒక్కటే. బ్రైటనర్ (మెరుపు తెచ్చే రసాయనం) కలిపిన సల్ఫేట్ బాత్, పూత అద్దంలా వస్తుంది. బస్‌బార్‌కి ఇది సరిపోతుంది. సోల్డరింగ్ చేసే ముక్కలకీ, దగ్గర దగ్గర పిన్నులున్న కనెక్టర్లకీ సరిపోదు. బ్రైటనర్‌లోని సేంద్రియ పదార్థం కొంత పూతలో చిక్కుకుంటుంది. సోల్డర్ వేడికి అది బుడగలు కట్టి అతుకుని పాడుచేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు విస్కర్లు. పూతలో మిగిలిన ఒత్తిడి వల్ల నెలల తర్వాత వెంట్రుక కన్నా సన్నని తగరపు పోగులు వాటంతటవే మొలుస్తాయి. కొన్ని మైక్రాన్ల మందమే, పొడవు మాత్రం మిల్లీమీటర్ల దాకా పోతుంది, పక్క పిన్నుని తాకితే షార్ట్. 1998లో గెలాక్సీ 4 ఉపగ్రహం మూగబోయి అమెరికాలో కోట్ల పేజర్లు ఆగిపోయాయి, దానికి ఈ పోగులనే కారణంగా చెప్పారు. ఒకప్పుడు టిన్‌లో కొంచెం సీసం కలిపి దీన్ని ఆపేవారు. 2006 జులై 1న ఐరోపాలో సీసంలాంటి హానికర పదార్థాల్ని కట్టడి చేసే రోస్ నిబంధన అమల్లోకి వచ్చాక ఎలక్ట్రానిక్స్‌లో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడున్న మార్గాలు మూడు: మ్యాట్ (మెరుపు లేని) టిన్, అడుగున నికెల్, ప్లేటింగ్ అయిన రోజే 150 డిగ్రీల్లో గంటసేపు ఓవెన్. ఈ షాపులో మూడింటిలో నికెల్ తొట్టి ఒక్కటే ఉంది. పీసీబీ (సర్క్యూట్ బోర్డు) కనెక్టర్లు చేసేవాళ్లు మ్యాట్ టిన్ తొట్టి ఉన్న మరో షాపు వెతుక్కోవాలి.

ఇక ఇత్తడి. చూడటానికి రాగి లాట్ కన్నా అందంగా వచ్చింది, పెట్టె తెరిస్తే వెండి నాణేల్లా ఉంది. నాలుగు టెర్మినళ్లని 150 డిగ్రీల ఓవెన్లో అరగంట ఉంచి, తీసిన వెంటనే చన్నీళ్లలో వేశాం. టిన్ పూత పట్టుని ఇలాగే పరీక్షిస్తారు. రెంటి మీద ఆవగింజంత బుడగలు లేచాయి. బ్లేడు మొనతో గిల్లితే పూత రేకులా ఊడింది. రేకు వెనకవైపు బూడిద రంగు మసి కనిపించింది.

ఆ మసిలోనే కారణం ఉంది. ఫ్రీ కటింగ్ ఇత్తడిలో లేత్ మీద చిప్పులు సులభంగా తెగడానికి సుమారు మూడు శాతం సీసం ఉంటుంది. రాగి పట్టీలకి వాడిన సల్ఫ్యూరిక్ తొట్టిలోనే వీటినీ ముంచారు. సీసం సల్ఫ్యూరిక్‌తో కలిస్తే సీసపు సల్ఫేట్ అవుతుంది, అది నీళ్లలో కరగదు, బూజులా పైన కూర్చుంటుంది. దాని మీద టిన్ పడితే గోడ మీది సున్నం మీద రంగేసినట్టే. సీసమున్న ఇత్తడికి ఫ్లోబోరిక్ ఆమ్లం వాడాలి, అందులో సీసం కరిగిపోతుంది. షాపులో ఫ్లోబోరిక్ క్యాన్ ఉంది, తొట్టి కూడా ఉంది, గోడ పక్కన మూతేసి. ఎవరూ చెప్పలేదు కాబట్టి వాడలేదు. అడుగు లోహం ఏమిటని కౌంటర్లో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే లాట్ నిలిచేది.

ఇత్తడితో రెండో చిక్కు నెమ్మదిగా బయటపడుతుంది. ఇత్తడిలోని జింక్ టిన్ గుండా పైకి పాకుతుంది. నెలలు గడిచేసరికి పైన జింక్ ఆక్సైడ్ చేరి, సోల్డర్ అంటదు, కాంటాక్టు నిరోధం పెరుగుతుంది. అందుకే టిన్ పూత ప్రమాణాలు, ఐఎస్ఓ 2093 అయినా, ఏఎస్‌టీఎం బి545 అయినా ఇత్తడి మీద నేరుగా టిన్ వేయనివ్వవు. మధ్యలో కనీసం రెండున్నర మైక్రాన్ల నికెల్ గానీ రాగి గానీ ఉండాలంటాయి. ఈ రెంటిలో నికెల్ మేలు. రాగి జింక్‌ని ఆపుతుంది కానీ, తనే టిన్‌తో కలిసి గట్టి మిశ్రమ పొర కడుతుంది. వేడి తగిలే చోట ఆ పొర పెరిగి పెరిగి పలచని టిన్‌ని పూర్తిగా మింగేస్తుంది. రెండో విడత అవే టెర్మినళ్లని 'ఫ్లోబోరిక్ డిప్, నికెల్ 2.5 మైక్రాన్లు, ఆపైన టిన్ 8' అని చలానా మీద రాసి ఇచ్చాం. రేటు పెరిగింది, ఓవెన్ పరీక్షలో ఒక్క బుడగా లేవలేదు. ఫ్లక్స్ రాసి 245 డిగ్రీల సీసం లేని సోల్డర్‌లో ఐదు సెకన్లు ముంచితే నున్నగా అంతటా అంటింది. 95 శాతం పైగా అంటితే పాసు. అంటే షాపుకి పని వచ్చు, అడిగితేనే చేస్తుంది.

రేటు ఎలా కడతారో ముందే తేల్చుకోండి. ఇక్కడ జిగ్గు పనికి వైశాల్యం లెక్క, బ్యారెల్ (చిన్న ముక్కల్ని దొర్లించే పీపా) పనికి కిలో లెక్క. కిలో లెక్కలో ఒక మెలిక ఉంది. లావుపాటి ముక్కలు కిలో ఇస్తే వైశాల్యం తక్కువ, పలచటి వాషర్లు కిలో ఇస్తే కొన్ని రెట్లు ఎక్కువ. ఒకే రేటుకి ఒప్పుకున్న షాపు పలచటి సరుకు వచ్చినప్పుడు టైము తగ్గించి గిట్టుబాటు చేసుకుంటుంది, మందం పోయేది మనకి. తగరం కూడా చవక లోహం కాదు, రాగి కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ధర పలుకుతుంది. మార్కెట్ కన్నా మరీ తక్కువ చెప్పేవాళ్లు ఆ తేడాని ఎక్కడో ఒకచోట రాబట్టుకుంటారు.

వాషర్లని బ్యారెల్లో వేశారు. బ్యారెల్ సగానికి మించి నింపకపోవడం బాగుంది, నిండా నింపితే లోపలివి దొర్లవు. కానీ చదునైన వాషర్లు తడిసి జంటలుగా అతుక్కుంటాయి, అతుక్కున్న చోట పూత పడదు. ఇందులోనూ అక్కడక్కడా అలాంటి వాషర్లు తగిలాయి, ఒక ముఖం మీద చంద్రవంక ఆకారంలో నల్ల మచ్చ. దీనికి మందు పాతదే. వాషర్లతో పాటు అదే లోహపు చిన్న గుళ్లో, బోల్టు ముక్కలో కలిపి తిప్పితే విడిపోతాయి. షాపువాళ్లు కలపలేదు.

అసలు ఎం.ఎస్. మీద టిన్ ఎందుకు వేయించుకుంటున్నారో ఒకసారి ఆలోచించుకోవడం మంచిది. తుప్పు ఆపడానికే అయితే జింక్ మేలు. జింక్ తను కరిగి ఇనుముని కాపాడుతుంది, టిన్ అలా చేయదు. గాలిలో, వానలో టిన్ పూతకి సూది మొనంత చిల్లి పడితే అక్కడ ఇనుము ఇంకా వేగంగా తుప్పు పడుతుంది. రేకు డబ్బా లోపల మాత్రం కథ తిరగబడుతుంది. గాలి అందని పుల్లటి రసంలో టిన్నే ముందు కరిగి ఇనుముని కాస్తుంది. అందుకే డబ్బా రేకు మీద చదరపు మీటరుకి 2.8 గ్రాములు, అంటే 0.4 మైక్రాన్‌ లోపు పూత వేసి కూడా వాడగలుగుతున్నారు. బయట వాడే వాషరుకి ఎనిమిది మైక్రాన్లు వేసినా దానికి ఆ భరోసా లేదు. సోల్డర్ చేయాలి, కాంటాక్టు కావాలి అంటేనే ఇనుము మీద టిన్.

మరలున్న ముక్కలు ఇచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మర వాలు మీద పూత రెండు వైపులా పడుతుంది కాబట్టి పిచ్ వ్యాసం (మర పళ్ల నడుమ కొలిచే వ్యాసం) పూత మందానికి నాలుగు రెట్లు మారుతుంది. ఎనిమిది మైక్రాన్లు వేస్తే 32 మైక్రాన్లు. బోల్టుని ముందే ఆ మేర సన్నగా కోయించకపోతే నట్టు ఎక్కదు.

ప్లేటింగ్ తర్వాతి కడుగుడు ఈ షాపులో బలహీనం. టిన్ తొట్టిలోంచి తీశాక రెండు నీళ్లు, తర్వాత ట్రైసోడియం ఫాస్ఫేట్ వేడి నీళ్లలో ముంచి మిగిలిన ఆమ్లాన్ని చంపాలి, మళ్లీ నీళ్లు, ఆఖరున వేడి డీఐ (ఉప్పులు తీసేసిన) నీళ్లు, గాలితో ఆరబెట్టడం. వీళ్ల దగ్గర ఆఖరి నీళ్లు బోరు నీళ్లు. బోరు నీటి ఉప్పు ఆరాక తెల్లటి వలయాలుగా మిగిలింది. టెర్మినళ్ల మూసి ఉన్న బెజ్జాల్లో ఇరుక్కున్న ఆమ్లం మూడో వారంలో కారి గోధుమ రంగు చారలు పెట్టింది. మూసి బెజ్జాలున్న ముక్కలకి నోరు కిందికి వచ్చేలా కట్టమనీ, న్యూట్రలైజర్‌లో రెండుసార్లు ముంచమనీ ప్రత్యేకంగా చెప్పాలి. మార్చి దాటాక డీఐ నీళ్ల క్యాన్లు మనమే కొనిచ్చినా నష్టం లేదు, మచ్చ తుడిచే కూలీ కన్నా అది చవక.

ఎండాకాలం ప్రస్తావన ఎలాగూ వచ్చింది. బ్రైట్ సల్ఫేట్ బాత్ 18 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. హైదరాబాదు మే నెలలో రేకుల షెడ్డు కింద చిల్లర్ లేకపోతే తొట్టి 35 దాటుతుంది. బ్రైటనర్ విరిగిపోతుంది, పూత మీద పాలు చల్లినట్టు మసక, మెరుపు కోసం ఇంకా బ్రైటనర్ పోస్తే పూత పెళుసు. వేడికీ గాలికీ స్టానస్ తగరం స్టానిక్‌గా మారి, ద్రావణం మజ్జిగలా తెల్లబడుతుంది. అది ఒకసారి మారితే మళ్లీ పూతగా రాదు, అడుగున బురదగా చేరుతుంది, తేలే రేణువులు వస్తువు మీద అంటి గరుకు పుడుతుంది. ఇదే కారణంగా టిన్ తొట్టిలోకి గాలి బుడగలు పంపకూడదు, కదలిక కావాలంటే క్యాథోడ్ కడ్డీనే అటూ ఇటూ ఆడించాలి. ఈ షాపులో చిల్లర్ ఉంది, పని చేస్తోంది. గ్లాసులోకి ద్రావణం తీయించి వెలుగుకి పట్టి చూస్తే తేటగా, లేత పసుపుగా ఉంది. కొత్త షాపుకి వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి సాయం ఆ గ్లాసే.

యానోడ్లు కూడా ఒకసారి పైకి ఎత్తించి చూడండి. బూడిద తెలుపుగా ఉంటే సరే. నల్లటి పొర కట్టి ఉంటే వైశాల్యం చాలక కరెంటు ఎక్కువై మొద్దుబారినట్టు, అప్పుడు తగరం కరగదు, ఆక్సిజన్ పుట్టి ఉన్న తగరాన్నీ పాడుచేస్తుంది. వస్తువుల వైశాల్యానికి రెట్టింపు యానోడ్లు ఉండాలి. ఎగుమతి సరుకైతే యానోడ్ల శుద్ధత సర్టిఫికెట్ అడగండి, తగరంలో సీసం వెయ్యింటికి ఒక వంతు దాటితే రోస్‌లో నిలబడదు.

అసలు ఇవ్వకూడనివి మూడు. స్ప్రింగ్ స్టీల్, గట్టిపరిచిన బోల్టులు ఇవ్వొద్దు. పిక్లింగ్‌లోనూ ప్లేటింగ్‌లోనూ లోహంలోకి దూరిన హైడ్రోజన్ వాటిని గాజులా విరిచేస్తుంది, దాన్ని తోలడానికి బేకింగ్ ఓవెన్ ఉండాలి, ఇక్కడ లేదు. లోతైన కప్పుల్లాంటి ముక్కలకి ఆమ్ల బాత్‌లో పూత లోపలిదాకా పడదు, 70 డిగ్రీల వేడి స్టానేట్ క్షార బాత్ ఉన్న చోటికి పోవాలి. దానికి కరెంటు రెట్టింపు పడుతుంది, అయినా అదే దారి. మూడోది వంటపాత్రలు. బ్రైటనర్లు, పక్కనే సైనైడ్ తొట్లు ఉన్న చోట అన్నం తినే గిన్నె ముంచే పనే లేదు. దానికి కళాయి వేసేవాడే సరి, మంచి తగరం వాడేవాడైతే.

అప్పగింత చెప్పిన రోజుకే అయింది, మూడు రోజులు. ప్యాకింగ్ మాత్రం పాత దినపత్రికల్లో చుట్టి ఇచ్చారు. బ్రైట్ టిన్ మీద సిరా అచ్చు పడుతుంది, చెమట చేతుల ముద్రలు కూడా వారంలో పసుపుగా తేలుతాయి. సరుకు ఇచ్చేటప్పుడే పాలిథిన్ సంచులూ నాలుగు జతల నూలు గ్లవుజులూ చలానాకి జతచేసి ఇస్తే, వాటిలోనే పెట్టి తిరిగి పంపిస్తున్నారు.